మెదడులో గార తొలగిస్తే మతి తిరిగొస్తుందా?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో పెద్దాయన పొద్దున తిన్న సంగతి మరచి మళ్లీ కంచం ముందు కూర్చుంటే ఇంట్లో వాళ్లు అనే మాట ‘చాదస్తం’. తన గొలుసు పక్కింటి వాళ్లు తీశారని పెద్దామె రోజూ గొడవ పెడితే ‘గయ్యాళితనం’. చేయి వణికితే ‘నరాల బలహీనత’. మూడింటికీ కలిపి చెప్పే కారణం ‘వయసు మీద పడింది కదా’. ఆ మాటతో విషయం అక్కడికి ముగిసిపోతుంది.

ఇప్పుడు అవే ఇళ్లలోని ఫోన్లకు వేరే కబుర్లు వస్తున్నాయి. అల్జీమర్స్‌కు మందు దొరికిందని ఒకటి, చిన్న రక్తపరీక్షతో జబ్బు పట్టేయొచ్చని మరొకటి. అమెరికాలో ఉన్న కొడుకు ఆ వార్త నాన్నకోసం పంపిస్తాడు. ఇక్కడున్న కూతురు విజయవాడ తీసుకెళ్లి ‘ఆ ఇంజెక్షన్ ఉందా డాక్టరుగారూ?’ అని అడుగుతుంది. ‘వయసేలే’ అని వదిలేయడం ఎంత తప్పో, ‘ఇంజెక్షన్‌తో నయమవుతుంది’ అని పొలం అమ్మకానికి పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. అసలు మెదడులో ఏం జరుగుతోందో తెలిస్తే ఈ రెండింటి మధ్య దారి కనిపిస్తుంది.

తాటాకు మడత

మన ఒంట్లో పనులన్నీ చేసేవి ప్రోటీన్లు. 20 రకాల అమైనో ఆమ్లాలు పూసల్లా వరసగా గుచ్చుకుంటే ఒక ప్రోటీన్ గొలుసు తయారవుతుంది. గొలుసుగా ఉన్నంతసేపు దానికి పనేమీ చేతకాదు. సరైన తీరులో మడత పడాలి. ఒకే తాటాకు ఒకలా మడిస్తే విసనకర్ర, ఇంకోలా అల్లితే బుట్ట. మడత తప్పితే రెండిటికీ కొరగాని చెత్త. ప్రోటీన్ సంగతీ ఇంతే. దాని గుణం దాని ఆకారంలో ఉంటుంది.

మడత తప్పడం రోజూ జరిగేదే. అందుకే ప్రతి కణంలోనూ సరిచేసే యంత్రాంగం ఉంటుంది. కొన్ని సహాయక ప్రోటీన్లు పక్కనే నిలబడి మడత సరిగా పడేలా చూస్తాయి. అప్పటికీ దారికి రానివాటిని ముక్కలు చేసి ఊడ్చేసే ఏర్పాటు వేరే ఉంది. వయసు పెరిగేకొద్దీ ఈ ఊడ్పు మందగిస్తుంది. చర్మం కణాలు మారిపోతుంటాయి కాబట్టి అక్కడ చెత్త పోగుపడే అవకాశం తక్కువ. మెదడు కణాల్లో చాలావరకు పుట్టినప్పటి నుంచి పోయేదాకా అవే. వాటిలో పేరుకున్నది పేరుకున్నట్టే ఉంటుంది.

ఇదంతా కంటికి కనపడని వ్యవహారమని అనుకోవద్దు. మడత తప్పిన ప్రోటీన్ ఎలా ఉంటుందో మెట్ట ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలుసు. అదే కంటి శుక్లం. కంటి లెన్సులో క్రిస్టలిన్లనే ప్రోటీన్లు ఉంటాయి. లెన్సు నడిమధ్యలో ఉన్నవైతే మనం పుట్టే నాటికే తయారైనవి, మళ్లీ కొత్తవి రావు. ఎండకు, షుగరుకు, పొగాకుకు, వయసుకు దెబ్బతిని అవి ఒకదానికొకటి అతుక్కుంటే అద్దం లాంటి లెన్సు ఉడికిన గుడ్డు తెల్లసొనలా తెల్లబడుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ సి.హెచ్.మోహనరావు ఏళ్ల తరబడి పరిశోధించింది దీని మీదే. లెన్సులోని ఆల్ఫా క్రిస్టలిన్ తక్కిన ప్రోటీన్లు ముద్ద కట్టకుండా ఎలా కాపు కాస్తుందన్నది ఆయన బృందం పని. ఆ కుటుంబానికే చెందిన ప్రోటీన్ ఒకటి మెదడులోనూ ఉంది. కంటి డాక్టరు, మెదడు డాక్టరు ఒకే రకం శత్రువుతో పోరాడుతున్నారన్నమాట. తేడా ఒక్కటే. కంటిలో చెడిన లెన్సు తీసేసి కొత్తది పెట్టొచ్చు. మెదడుకు ఆ వీలు లేదు.

తోడు వేసినట్టు

ఒక ప్రోటీన్ మడత తప్పితే ఒక కణం పాడవాలి. మెదడంతా ఎందుకు పాడవుతుంది? పెరుగు తోడు గుర్తు తెచ్చుకోండి. గిన్నెడు పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి అంతా గడ్డ పెరుగే. తోడులో ఉన్నది ప్రాణమున్న సూక్ష్మజీవి. ఇక్కడ ప్రాణమేమీ లేదు, వట్టి ఆకారమే. మడత తప్పిన ప్రోటీన్ తన పక్కనున్న మంచి ప్రోటీన్‌ను తగిలి దాన్నీ తనలాగే మార్చేస్తుంది. అలా మారినవి వరసగా పేర్చుకుని పీచులవుతాయి. పీచులు తునిగి ముక్కలై, ఆ ముక్కలు పక్క కణంలోకి వెళ్లి మళ్లీ తోడు వేస్తాయి.

ఈ సంగతి నమ్మడానికి సైన్సుకు చాలా కాలం పట్టింది. పాపువా న్యూగినీలో ఫోరె అనే తెగవాళ్లు చనిపోయినవారి శరీర భాగాలను తినే ఆచారం పాటించేవారు. వాళ్లలో వచ్చిన కురు అనే జబ్బు ఒకరి నుంచి ఒకరికి సోకుతుందని చూపినందుకు గజ్డుసెక్‌కు 1976లో నోబెల్ వచ్చింది. అలా సోకేది వైరస్ కాదు, వట్టి ప్రోటీనేనని 1982లో స్టాన్లీ ప్రూసినర్ అన్నప్పుడు తోటివాళ్లు నవ్వారు. ఆయన దానికి పెట్టిన పేరు ప్రియాన్. 1997లో ఆయనకూ నోబెల్ వచ్చింది.

‘అయితే మా అమ్మకు సేవ చేస్తే నాకూ అంటుకుంటుందా?’ అంటే, అంటుకోదు. అల్జీమర్స్, పార్కిన్సన్స్ ముట్టుకుంటే రావు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, ఎంగిలి నీళ్లు తాగినా రావు. 2024లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఒక అరుదైన సంగతి బయటపెట్టారు. చిన్నతనంలో, శవాల నుంచి తీసిన గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు చేయించుకున్న ఐదుగురిలో దశాబ్దాల తర్వాత అల్జీమర్స్ లక్షణాలు కనిపించాయి. ఆ ఇంజెక్షన్ల వాడకం 1985లోనే ఆగిపోయింది. మంచం పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టే కోడలికి దాంతో సంబంధం లేదు.

నాలుగు జబ్బులు, ఒకే తంతు

1906లో జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ తన రోగి మెదడును మైక్రోస్కోపు కింద చూశాడు. ఆమె పేరు ఆగస్టె డిటర్, పోయేనాటికి వయసు 55. ఆయనకు రెండు రకాల చెత్త కనిపించింది. కణాల బయట పళ్ల మీది గారలా పేరుకున్నది ఒకటి, కణాల లోపల నూలు చిక్కుపడ్డట్టున్నది రెండోది. బయటి గార అమిలాయిడ్ బీటా, లోపలి చిక్కు టావ్ అనే ప్రోటీన్లవని ఇప్పుడు మనకు తెలుసు. పార్కిన్సన్స్‌లో ముద్ద కట్టేది ఆల్ఫా సిన్యూక్లీన్. శరీరం కదలికలకు కావలసిన డోపమైన్ తయారుచేసే కణాలను అది దెబ్బ తీస్తుంది. కండరాలు కరిగిపోయే ఏఎల్ఎస్‌లో చాలామందికి టీడీపీ-43. హంటింగ్‌టన్‌లో ఆ వ్యాధి పేరే పెట్టుకున్న హంటింగ్టిన్, అది మాత్రం ఒక్క జన్యువులోని లోపంతో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది.

ఏ ప్రోటీన్ ఏ చోట ముద్ద కట్టిందన్న దాన్ని బట్టి జబ్బు పేరు మారుతుంది. జ్ఞాపకాల దగ్గర మొదలైతే మతిమరుపు, కదలికల దగ్గరైతే వణుకు, బిగుసుకుపోవడం.

వీటన్నిటిలో గుర్తు పెట్టుకోవలసింది కాలం లెక్క. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ పేరుకోవడం మొదటి మతిమరుపుకు 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. 70 ఏళ్లకు పెద్దాయన ఇంటిదారి తప్పాడంటే, ఆ కథ ఆయన 50ల్లో, మిరప తోటలో నీళ్లు పెడుతూ దిట్టంగా తిరిగే రోజుల్లోనే మొదలైంది. పార్కిన్సన్స్‌లోనూ వణుకు రావడానికి ఏళ్ల ముందే కొందరికి వాసనలు తెలియకపోవడం, మొండి మలబద్ధకం, నిద్రలో కలకు తగ్గట్టు తన్నడం, కేకలు వేయడం కనిపిస్తాయి.

కొత్త మందుల అసలు లెక్క

గారే జబ్బుకు మూలమైతే, గారను కడిగేస్తే సరిపోవాలి. కొత్త ఇంజెక్షన్ల ఆలోచన ఇదే. అమిలాయిడ్‌ను గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీలను రక్తంలోకి ఎక్కిస్తారు, మెదడులోని రక్షణ కణాలు వచ్చి గారను ఊడ్చేస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో అడుకానుమాబ్‌కు అనుమతి ఇచ్చింది. అది పనిచేస్తుందా లేదా అన్న రగడ తీరకుండానే 2024లో కంపెనీయే దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ వచ్చాయి. ఈ రెండూ గారను నిజంగానే తగ్గిస్తాయి, స్కానింగ్‌లో ఆ సంగతి కళ్లకు కనిపిస్తుంది.

మతి సంగతి అంత ఆశాజనకంగా లేదు. లెకానెమాబ్‌ను 1,795 మంది మీద 18 నెలలు పరీక్షించారు. అందరూ జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లే. జ్ఞాపకం, రోజువారీ పనులు కలిపి 18 పాయింట్ల కొలబద్ద మీద లెక్కించారు. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లు 1.66 పాయింట్లు దిగజారారు, అసలు మందు తీసుకున్నవాళ్లు 1.21 పాయింట్లు. తేడా 0.45. పత్రికల్లో ‘27 శాతం నెమ్మదించింది’ అని వచ్చింది ఈ లెక్కే. అబద్ధం కాదు. కానీ మందు తీసుకున్నవాళ్లూ దిగజారారన్న సంగతి ఆ 27లో కనిపించదు. పోయిన మతి తిరిగి రాలేదు, పోవడం కాస్త నెమ్మదించింది. ఆ తేడా ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసేంత ఉందా అన్నది డాక్టర్ల మధ్య ఇంకా తెగని వాదం.

దానికి చెల్లించే వెల కూడా చూడాలి. ఆ పరీక్షలో లెకానెమాబ్‌ను రెండు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కించారు. మందు వేసుకున్నవారిలో 12.6 శాతం మందికి మెదడులో వాపు, 17 శాతానికి పైగా మందిలో చిన్న చిన్న రక్తస్రావాలు స్కానింగ్‌లో కనిపించాయి. చాలామందికి వాటితో ఇబ్బంది తెలియలేదు, కొద్దిమందికి ప్రాణాపాయమైంది. అందుకే మధ్యమధ్యలో ఎంఆర్ఐలు తప్పవు. ఏపీఓఈ-4 అనే జన్యువు రెండు ప్రతులు ఉన్నవారికి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి ముప్పు ఎక్కువ. అమెరికాలో ఏడాదికి మందు ధరే 26,500 డాలర్లని కంపెనీ ప్రకటించింది. మన లెక్కలో 22 లక్షల రూపాయలు పైనే. బ్రిటన్‌లో 2024 ఆగస్టులో ఒకే రోజు రెండు ప్రకటనలు వచ్చాయి. ఔషధ నియంత్రణ సంస్థ లెకానెమాబ్ వాడొచ్చంది. ప్రభుత్వ వైద్యంలో ఏ మందు ఇవ్వాలో తేల్చే సంస్థ మాత్రం, ఇంత ఖర్చుకు తగ్గ ఫలితం లేదని ముసాయిదాలో తేల్చింది.

రక్తపరీక్ష కబురు మాత్రం నిజంగా మంచిదే. 2025 మేలో అమెరికా మొదటిసారి అల్జీమర్స్ రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. రక్తంలో టావ్, అమిలాయిడ్‌ల నిష్పత్తి చూసి మెదడులో గార ఉందో లేదో చెబుతుంది. వెన్నులో సూది, ఖరీదైన పెట్ స్కాన్ కొంతమందికి తప్పుతాయి. ఇది లక్షణాలు ఉన్నవారికి, డాక్టరు చూసిన తర్వాత చేసే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మాస్టర్ చెకప్‌లో కలిపి చేయించుకునేది కాదు. ఫలానా పరీక్ష అందుబాటులోకి రాగానే ప్యాకేజీలు పుట్టుకొస్తాయని మనకు అనుభవమే కాబట్టి ముందే చెప్పడం.

మధ్యలో ఒక మచ్చ సంగతీ చెప్పాలి. ఒక ప్రత్యేక రకం అమిలాయిడ్ ముద్దే ఎలుకల మతి పోగొడుతోందని 2006లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రపంచమంతా ఉదహరించింది. అందులోని బొమ్మలు దిద్దినవని తేలి 2024లో దాన్ని ఉపసంహరించారు. అంతమాత్రాన అమిలాయిడ్ సిద్ధాంతమంతా బూటకం కాదు. అమిలాయిడ్ తయారయ్యే జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. పుట్టుకతో ఆ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువున్న డౌన్ సిండ్రోమ్ వారికి నలభైలు, యాభైల్లోనే అల్జీమర్స్ రావడం దానికి బలమైన సాక్ష్యం. గార జబ్బును మొదలుపెడుతుంది. మొదలైన తర్వాత టావ్, వాపు, రక్తనాళాల జబ్బు కలిసి దాన్ని నడిపిస్తాయి. గడ్డివాముకు నిప్పంటించిన అగ్గిపుల్లను తర్వాత తీసేసినంత మాత్రాన వామి ఆరదు.

రెండు భాషల బలం

ఇంకో చిక్కు ఉంది. మతి శుభ్రంగా ఉన్న ముసలివాళ్లలో కొందరు చనిపోయాక చూస్తే వాళ్ల మెదడులోనూ గార బాగానే ఉంటుంది. అదే గార ఒకరిని పడేసి ఇంకొకరిని ఎందుకు వదిలేస్తుంది? దీనికి జవాబులో కొంత భాగం మన హైదరాబాద్ నుంచే వచ్చింది.

నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్నప్పుడు డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు అక్కడి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికంటే వీరికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించారు. ‘రెండు భాషలు వచ్చాయంటే చదువుకున్నవాళ్లు కదా, ఆ చదువు ప్రభావమేమో’ అన్న అనుమానం వస్తుంది. బడి ముఖం చూడనివారిలోనూ తేడా కనిపించడం ఈ పరిశోధన విలువ. ఇంట్లో ఉర్దూ, కొట్టులో తెలుగు మాట్లాడే జగ్గయ్యపేట వ్యాపారికి, తండాలో లంబాడీ, సంతలో తెలుగు మాట్లాడే ఆడమనిషికి ఇది సూటిగా వర్తించే సంగతి. భాషలు మాట్లాడితే గార పేరుకోకుండా ఉంటుందని కాదు. గార ఉన్నా పని నెట్టుకొచ్చే సత్తువ మెదడుకు మిగులుతుందని.

అలాంటి సత్తువ పల్లెటూరి మెదడులో ఎలా పెరుగుతుంది, ఎలా తరుగుతుంది అన్నది ఇప్పుడు కోలారు జిల్లా శ్రీనివాసపురలో చూస్తున్నారు. తెలుగు బాగా వినిపించే ప్రాంతం అది. బెంగళూరు ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అక్కడి పల్లెల్లో 45 దాటిన 10,000 మందిని ఏళ్ల తరబడి గమనించాలని 2018లో పని మొదలుపెట్టింది. ఆ కేంద్రాన్ని నిలబెట్టిన ప్రొఫెసర్ విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నవారు. అల్జీమర్స్ గురించి ప్రపంచానికి తెలిసిందంతా చాలావరకు చదువుకున్న తెల్లవారి మెదళ్ల నుంచి తెలిసింది. రాగి ముద్ద, అన్నం తిని పొలం పనిచేసే మనిషి లెక్క వేరే ఉండొచ్చు.

గడ్డి మందు సంగతి

మెట్టలో పత్తి, మిరప వేసిన రైతుకు అల్జీమర్స్ కంటే దగ్గరగా తగిలే ప్రశ్న ఒకటుంది. పురుగుమందులకూ పార్కిన్సన్స్‌కూ సంబంధం ఉందా? ఉంది, ముఖ్యంగా రెండు మందుల విషయంలో సాక్ష్యం గట్టిది. అమెరికా రైతుల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో పారాక్వాట్ లేదా రోటెనోన్ వాడినవారికి పార్కిన్సన్స్ వచ్చే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ప్రయోగశాలలో ఈ మందులు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బ తీయడం, ఆల్ఫా సిన్యూక్లీన్ ముద్ద కట్టేలా చేయడం కూడా చూశారు. పారాక్వాట్‌ను యూరప్‌లో 2007లోనే ఆపేశారు. కేరళ నిషేధించింది. గుక్కెడు తాగితే ఊపిరితిత్తులు గట్టిపడి మనిషి దక్కడన్న సంగతి మన ఆసుపత్రుల్లో క్యాజువాలిటీ డాక్టర్లందరికీ తెలుసు. ఆ చేదు కథల వల్లే ఈ మందు పేరు పత్రికలకెక్కుతోంది. రోజూ కొద్దికొద్దిగా ఒంటికి తగిలే దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఊళ్లో ఒకరికి వణుకు రోగం రాగానే ఫలానా డబ్బా వల్లే వచ్చిందని వేలెత్తి చూపలేం. వయసు, వంశం, తలకు దెబ్బలు అన్నీ కలుస్తాయి. కానీ తైవాన్ స్ప్రేయర్ వీపున తగిలించుకుని, చొక్కా విప్పి, గాలికి ఎదురుగా నడుస్తూ రోజంతా కొట్టే అలవాటుకు సమర్థన మాత్రం లేదు. చేతులకు రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు, పని కాగానే సబ్బుతో స్నానం. ఆ బట్టలు ఉతికే ఆడవాళ్లకూ తొడుగులు కావాలి. కొట్టేవాళ్ల గురించి చెప్పేటప్పుడు వాళ్లను అందరూ మరచిపోతారు.

పార్కిన్సన్స్‌లో మంచి వార్త, మాత్రలు పనిచేయడం. లెవోడోపా అనే మందు మెదడులో డోపమైన్‌గా మారి బిగుసుకుపోయిన మనిషిని నడిపిస్తుంది. ముద్దలను అది కరిగించదు, లోటును పూడుస్తుందంతే. అయినా ఏళ్ల తరబడి మనిషి తన పని తాను చేసుకునేలా చూస్తుంది. మన చేలగట్ల మీది దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంటుంది. ఆయుర్వేదంలో కంపవాతానికి దాన్ని వాడటం ఉత్తి నమ్మకం కాదు. చిక్కెక్కడంటే, మాత్రలు వాడుతూనే డాక్టరుకు చెప్పకుండా ఆ చూర్ణం కూడా తీసుకుంటే మోతాదు రెట్టింపై వాంతులు, బీపీ పడిపోవడం, మనిషి అదుపులేకుండా మెలికలు తిరగడం వస్తాయి. వాడేదేదైనా డాక్టరుకు చెప్పి వాడాలి.

ఆశా కార్యకర్త ఫారంలో ఒక ప్రశ్న

2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఈ సగటును మన పక్కకు తెస్తే 300 మంది వృద్ధులున్న ఊళ్లో 20 మందికి పైనే. వాళ్లలో ఎందరి పేరు పక్కన ఆ జబ్బు రాసి ఉంది?

బీపీ, షుగరు, క్యాన్సర్ల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే సీబ్యాక్ ఫారంలో 60 దాటినవారికి ఒక ప్రశ్న ఉంది. దగ్గరివారి పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మరచిపోతున్నారా అని. ప్రశ్న పెట్టినందుకు సంతోషమే. సొంత ఇల్లు మరచిపోయే దశకు మనిషి చేరాక పట్టుకోవడం మాత్రం ఆలస్యమే. ఆర్నెల్లుగా డబ్బు లెక్క తప్పుతోందా, చేయి తిరిగిన కూర వండటంలో తడబడుతున్నారా, ఒకే మాట గంటలో నాలుగుసార్లు అడుగుతున్నారా అని ఇంట్లోవాళ్లను అడిగితే చాలా ముందే తెలుస్తుంది. ‘అవును’ అని టిక్కు పెట్టాక ఎక్కడికి పంపాలన్న దారి కూడా కావాలి. నందిగామ నుంచి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి ఇంకో 30. మతి సరిగా లేని పెద్దమనిషిని బస్సులో అంతదూరం తీసుకెళ్లి రావడం ఒక రోజు కూలీ, ఒక రోజు నరకం.

అందుకే మొదటి అడుగు ఊరికి దగ్గర్లోనే పడాలి, పడొచ్చు కూడా. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ తగ్గినా, బి-12 లోపించినా, మనసు కుంగినా, బాత్‌రూమ్‌లో జారిపడిన నెల తర్వాత తలలో రక్తం గడ్డకట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు, వణుకుకు ఇచ్చే కొన్ని పాత రకం మాత్రలు కూడా ముసలివారి మతిని మసకబారుస్తాయి. ఇవన్నీ సరిచేయగలిగినవి. రక్తపరీక్షలు నందిగామలోనూ, జగ్గయ్యపేటలోనూ అవుతాయి. ఇరవై రెండు లక్షల ఇంజెక్షన్ గురించి అడిగే ముందు థైరాయిడ్ పరీక్ష గురించి అడగాలి.

లాన్సెట్ కమిషన్ 2024లో 14 ముప్పు కారణాలను లెక్కగట్టి, వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, తాగుడు, ఒంటరితనం అందులో ఉన్నాయి. కొత్తగా చేర్చినవాటిలో ఒకటి సరిచేయకుండా వదిలేసిన చూపు లోపం. చెవుడు అంతకుముందే ఉంది. అంటే పెద్దామె శుక్లం ఆపరేషన్‌ను ‘ఈ వయసులో ఎందుకులే’ అని వాయిదా వేస్తే కంటితో పాటు మతికీ ముప్పే. చెవి మిషన్ పెట్టుకోనని పెద్దాయన మొండికేస్తే నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, మాట తగ్గుతుంది, మెదడుకు పని తగ్గుతుంది.

కాగితాల మీద ఎక్కడ?

జబ్బు నిర్ధారణ అయ్యాక ఇంటిల్లిపాదికీ పట్టుకునేది ఖర్చు, కాపలా. ఇక్కడ చట్టం చిత్రంగా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరు ఉంది, అల్జీమర్స్ పేరు లేదు. రెండూ మడత తప్పిన ప్రోటీన్ల జబ్బులే. ఒకటి బయటికి కనిపిస్తుంది, ఇంకోటి కనిపించదు. ఆ తేడానే ఇందులో పనిచేసిందనిపిస్తుంది. దారి అసలు లేదని కాదు. అదే చట్టంలో మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి, తానెక్కడున్నానో తెలియకపోవడం కూడా ఉన్నాయి. ఆ విభాగం కింద మానసిక వైద్యుడు పరీక్షించి 40 శాతం, ఆపైన అని నిర్ధారిస్తే సదరం సర్టిఫికెట్ వస్తుంది. స్లాట్ బుక్ చేసేటప్పుడు విభాగం సరిగా ఎంచుకోకపోతే ఆ రోజు వృథా అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. అల్జీమర్స్ మధ్యదశలో ఉన్న మనిషి మంచాన పడి ఉండడు. కాళ్లు బాగా ఆడతాయి, రాత్రిపూట తలుపు తీసుకుని బయటికి నడుస్తాడు. ఈ రెండు ఊళ్ల మీదుగా హైదరాబాద్, విజయవాడల మధ్య లారీలు పరుగెత్తే 65వ నంబరు జాతీయ రహదారి ఉంది. అతన్ని కాయడానికి ఇంట్లో ఒకరు కూలి మానుకోవాలి. మంచాన పడినవారికంటే తిరిగేవారి కాపలాకే ఎక్కువ మనిషి కావాలని ఇలాంటి రోగి ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. పింఛను కొలత మాత్రం కాళ్లను చూస్తోంది. డెబ్బై దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి ఐదు లక్షల దాకా ఆసుపత్రి చికిత్సకు పనికొస్తుంది. ఈ జబ్బులో నూటికి తొంభై రోజులు చికిత్స జరిగేది ఆసుపత్రిలో కాదు, వసారాలో.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తలుపు గడియ పైకి మార్చడం, చొక్కా జేబులోనో చీర కొంగు ముడిలోనో ఫోన్ నంబరు రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టడం, గ్యాస్ సిలిండర్‌ రెగ్యులేటర్ రాత్రిపూట ఆపేయడం, పురుగుమందు డబ్బాలు అందకుండా తాళం వేయడం. పొలం కాగితాలు, బ్యాంకు ఖాతా విషయాలు మనిషికి మతి ఉండగానే అతని ఎదుటే మాట్లాడుకోవడం మంచిది. దూరాన ఉన్న పిల్లలకు ఒక మాట. వీడియో కాల్‌లో ఐదు నిమిషాలు నాన్న బాగానే మాట్లాడాడని అనుకోవద్దు. తొలి దశలో వచ్చీపోయే మాటలు, మర్యాదలు చెక్కు చెదరవు. ‘నిన్న ఎవరొచ్చారు, పత్తి ఎంతకమ్మారు’ అని అడిగి, జవాబును పక్కనున్నవారితో సరిచూసుకోండి.

కాపలా కాసేవారికీ అలసట, విసుగు, కోపం వస్తాయి. వాళ్ల కోసం టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రం ఒక పని మరవొద్దు. ఇంట్లో వాడే మాత్రలన్నీ, ఆర్ఎంపీ ఇచ్చినవీ, చూర్ణాలూ కలిపి ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మొదటి తేడా ఏ పండక్కి, ఏ పంటకు గమనించారో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. పెద్దాయన ముందు చెప్పలేనివి ఆ కాగితమే చెబుతుంది.